ద్వీపపంచసూత్రి – ‘నిర్వేదిని’ వ్యాఖ్యాసహితం

అవతారిక

ధారానగరం ఏలిన భోజరాజు యోగసూత్రాలకు వృత్తి రాస్తూ, మొదట్లోనే తనకు ముందటి వ్యాఖ్యాతలను దులిపి ఆరేశాడు. కొరకరాని చోటు రాగానే ‘ఇది స్పష్టం’ అని దాటేస్తారట. అందరికీ తెలిసిన చోట సమాసాలు విప్పుతూ కూర్చుంటారట. సందర్భం లేకుండా ఏవేవో ముచ్చట్లు పెట్టి వినేవాళ్ళను తికమక పెడతారట. దాదాపు వెయ్యేళ్ళ కిందటి ఆ ఫిర్యాదును ఈ వ్యాఖ్యాత్రి శ్రద్ధగా చదివింది, అందులోని దోషాలన్నిటినీ సంప్రదాయంగా స్వీకరించింది. మన మెదక్ దగ్గరి కొల్చారం వాడైన మల్లినాథసూరి మాత్రం ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకుని కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఆయనకు చెల్లింది. ఆయన చేతిలో ఉన్నది రఘువంశం. నా చేతిలో ఉన్నది రాత్రి పదకొండు దాటాక కుటుంబం వాట్సాప్ గ్రూపులో పడిన మెసేజి.

సందర్భం చెప్పాలి. జనవరి నెలాఖరులో రిపబ్లిక్ డేకు అటూ ఇటూ సెలవులు కలుపుకుని అందరం ఏదైనా దీవికి వెళ్ళొద్దామని పిల్లలు గ్రూపులో అడిగారు. బాలీయా, మాల్దీవులా, అండమానా అని. అడిగింది పిల్లలైతే జవాబిచ్చింది మా పెద్ద వదినగారి భర్త, నేను అన్నయ్యగారూ అని పిలిచే పెద్దమనిషి. ఆయన ఏదీ చెప్పరు, ఉపదేశిస్తారు. కాఫీపొడి ఎక్కడ కొంటారండీ అంటే చిక్‌మగళూరు ఎంత ఎత్తులో ఉందో అక్కణ్ణుంచి మొదలుపెడతారు. వాక్యాలు సూత్రాల్లా పొట్టిగా ఉంటాయి, సూత్రాల్లాగే ఎటు లాగితే అటు సాగుతాయి. గ్రూపులో అందరూ బొటనవేలి బొమ్మ పెట్టేసి పడుకున్నారు. కాలేజీలో ఇన్నేళ్ళుగా ప్రబంధాలు చెబుతున్న దాన్ని, మూలపాఠం కనిపిస్తే ఊరుకోలేను.

మూలం:

ఐలాండ్ అంటే ప్లేస్ కాదమ్మా, ఒక ఫీల్.
బాలీ ఇప్పుడు పూర్తిగా కమర్షియల్ అయిపోయింది.
మాల్దీవ్స్ ఫొటోలకు ఓకే. అండమాన్ మనదే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు.
మనం టూరిస్టుల్లా తిరగకూడదు, ట్రావెలర్స్‌లా తిరగాలి.
ఏదైనా ఫోర్ నైట్స్ ఫైవ్ డేస్ చాలు. మీ ఇష్టం.

(చివర నమస్కారం బొమ్మ ఉన్నదని కొందరు, లేదని కొందరు. మా ఆయన ఫోనులో ఉన్నది. అది ప్రక్షిప్తం.)

ప్రథమ సూత్ర వ్యాఖ్య

‘ఐలాండ్ అంటే ప్లేస్ కాదమ్మా, ఒక ఫీల్.’ ప్రతిపదార్థం తేలిక గనుక వదిలేస్తున్నాం.

శంక: ప్లేస్ కానిదానికి విమానం టికెట్ ఎందుకు? సూత్రకారుడు దీనికి బదులు చెప్పలేదు. కాబట్టి తర్కాన్ని ఆశ్రయించాలి. అన్నంభట్టు తర్కసంగ్రహం ప్రకారం ద్రవ్యాలు 9, గుణాలు 24. రూపం, రసం, గంధం, స్పర్శ దగ్గర మొదలుపెట్టి సంస్కారం దాకా లెక్కపెట్టాను, ఫీల్ కనబడలేదు. సుఖం ఉంది, దుఃఖం ఉంది, ఇచ్ఛ ఉంది, ద్వేషం ఉంది. ఈ చివరిది లేకపోతే ఈ వ్యాఖ్య పుట్టేది కాదు. పోనీ ఫీల్‌ను సుఖంలో కలిపేద్దామంటే, సుఖం ఉండేది ఆత్మలో. ఆత్మ సర్వవ్యాపి. అలాంటప్పుడు ఆ ఫీల్ మెహదీపట్నం రైతుబజారులో కూడా కలగాలి. కలగడం లేదు. కలగాలంటే ఏదో ఒక ప్లేసు, దాని చుట్టూ నీళ్ళు, నీళ్ళ మీద నుంచి గాలి ఉండి తీరాలి. పృథివి, అప్పు, వాయువు మూడూ ద్రవ్యాలే. గుణం ద్రవ్యాన్ని పట్టుకుని ఉంటుంది తప్ప విడిగా గాల్లో వేలాడదని మొదటి సంవత్సరం విద్యార్థి కూడా చెబుతాడు. (అప్పు అంటే ఇక్కడ నీరు. లోకంలో ఉన్న రెండో అర్థం అయిదో సూత్రం దగ్గర వస్తుంది.)

ఆ తొమ్మిదింటిలో కాలమూ దిక్కూ కూడా ఉన్నాయని మరవకూడదు. నాలుగు రోజుల కోసం దీవిని ఎంచుకునేవాడు అడగాల్సినవి ఆ రెండే. ఏ నెలలో వెళ్తున్నాం? ఎన్ని చోట్ల దిగి ఎక్కాలి? సూత్రకారుడు అయిదు సూత్రాల్లో ఎక్కడా ఈ రెండింటి జోలికి పోలేదు. ఫీల్ ఉన్నవాళ్ళకు క్యాలెండరు అక్కర్లేదు కాబోలు.

ద్వితీయ సూత్ర వ్యాఖ్య

‘బాలీ ఇప్పుడు పూర్తిగా కమర్షియల్ అయిపోయింది.’ అనగా, నేను వెళ్ళొచ్చిన తరువాత మిగతావాళ్ళు కూడా వెళ్ళడం మొదలుపెట్టారు అని తాత్పర్యం.

ఈ సూత్రానికి సూత్రకారుడి వాట్సాప్ బొమ్మే ఉదాహరణ. తూర్పు బాలీలో లెంపుయాంగ్ గుడి ఉంది. రెండుగా చీలిన రాతి ద్వారం, దాని మధ్య నుంచి దూరాన అగుంగ్ అగ్నిపర్వతం. అన్నయ్యగారు ఆ ద్వారం నడుమ చేతులు చాచి నిలబడ్డారు, ఆయన కాళ్ళ కింద నిశ్చలమైన చెరువు, చెరువులో ద్వారమూ ఆయనా తలకిందులుగా. చూసినవాళ్ళంతా ‘అబ్బ, ఎంత ప్రశాంతమో’ అన్నారు. అక్కడ చెరువు లేదు. ఉన్నది గచ్చు. ఎదురుగా ఒకతను కూర్చుని, మన ఫోను తీసుకుని, కెమెరా కన్ను కింద చిన్న అద్దం ముక్క అడ్డంగా ఆనించి పట్టుకుంటాడు. ఒకరి తరువాత ఒకరిని పిలుస్తారు, నిలబడమంటారు, ఎగరమంటారు, తరువాతివాళ్ళను పిలుస్తారు. జనం ఉన్న రోజున వంతు రావడానికి గంటలు పడుతుంది. ఆ గంటలన్నీ ఫొటోకు ఇవతల ఉంటాయి.

అలంకారం ఏది? బింబప్రతిబింబభావం ఉంది గనుక దృష్టాంతం అని కొందరు అనవచ్చు. కాదు. దృష్టాంతంలో రెండు వాక్యాలుండాలి, రెండూ నిజం కావాలి. ఇక్కడ బింబం ఉంది, ప్రతిబింబం ఉంది, చెరువు లేదు. చూసినవాళ్ళు చెరువని భ్రమపడ్డారు గనుక భ్రాంతిమంతం అనవచ్చు. అది చూసినవాళ్ళ వరకే సరి. నిలబడినవాడికి అద్దం సంగతి తెలుసు కదా! తెలిసీ, అడిగినవాళ్ళతో ‘అద్దం కాదు, చెరువే’ అన్నప్పుడు అసలుదాన్ని దాచి మరొకదాన్ని నిలబెట్టినట్టు, అది అపహ్నుతి. మా వదినగారు ఒకరోజు వంటింట్లో గుట్టు విప్పడం వల్ల ఈ నిర్ణయం సాధ్యమైంది.

బాలీ మీద నాకేమీ కోపం లేదని ఇక్కడ చెప్పుకోవాలి. పొద్దున్నే గడప ముందు కొబ్బరాకు దొన్నెలో పూలూ నాలుగు మెతుకులూ పెట్టి అగరువత్తి గుచ్చే ఆడవాళ్ళు ఆ పని మనకోసం చేయడం లేదు. వాళ్ళు కొత్త ఏడాదిని శకసంవత్సరం ప్రకారమే లెక్కపెడతారు. 2023 లో వాళ్ళ న్యేపీ, మన ఉగాదీ మార్చి 22 నాడే కలిశాయి. ఆ రోజంతా దీవిలో దీపం వెలిగించరు, బండి కదపరు, విమానాశ్రయం కూడా మూసేస్తారు. టూరిస్టులు హోటలు దాటి రాకూడదు. ఒక దీవి మొత్తం వ్యాపారం కట్టేసి ఇరవైనాలుగు గంటలు మౌనంగా కూర్చోవడం ఈ భూమ్మీద ఇంకెక్కడ ఉందో నాకు తెలియదు. దాన్ని కమర్షియల్ అంటున్నది ఎవరు? దసరా నాడు కూడా క్లయింటుతో ఫోను మాట్లాడే మనిషి. 2024 ఫిబ్రవరి నుంచి పైదేశాల వాళ్ళ దగ్గర లక్షా యాభైవేల రుపయ్యాల పన్ను వసూలు చేస్తున్నారన్నది ఆయన మరో ఆక్షేపణ. లక్ష అనగానే గుండె ఆగనక్కర్లేదు. మన డబ్బులో వెయ్యి కూడా కాదు.

తృతీయ సూత్ర వ్యాఖ్య

‘మాల్దీవ్స్ ఫొటోలకు ఓకే.’ స్పష్టం.

‘అండమాన్ మనదే కదా, ఎప్పుడైనా వెళ్ళొచ్చు.’ మనవాళ్ళు ఎప్పుడైనా అన్న పని ఎప్పుడూ జరగదు. అండమాన్‌కు వెళ్ళనివాళ్ళను అడిగి చూడండి, అందరూ ఎప్పుడైనా వెళ్ళొచ్చు అనుకున్నవాళ్ళే.

పాఠాంతరాలు: పోర్ట్ బ్లెయిర్‌కు 2024 నుంచి శ్రీ విజయపురం అని కొత్త పాఠం. హేవ్‌లాక్ 2018 నుంచి స్వరాజ్ ద్వీప్. ఒక కాగితంలో పాత పాఠం, మరొక కాగితంలో కొత్త పాఠం, జనం నోట ఇంకా పాతదే. పరిష్కర్తలు రెండూ పట్టుకుని తిరగాలి.

సూత్రకారుడు లక్షద్వీప్ పేరెత్తకపోవడం గమనించదగ్గది. 2024 జనవరిలో మాల్దీవుల ఉపమంత్రులు కొందరు మన ప్రధాని మీద నోరు పారేసుకున్నప్పుడు గ్రూపులో ఈయనే అందరికంటే ముందు ‘ఇక లక్షద్వీపే’ అని శంఖం పూరించారు. అక్కడికి వెళ్ళాలంటే ముందుగా అనుమతి పత్రం తీసుకోవాలనీ, బంగారం దీవి తప్ప మిగతా చోట్ల మద్యం దొరకదనీ తెలిశాక ఆ శంఖం మళ్ళీ వినబడలేదు.

ఇక టీకాపద్ధతి కాసేపు పక్కన పెట్టి మామూలు మాట చెబుతాను, ఎవరూ చెప్పడం లేదు గనుక. జనవరిలో బాలీలో వానలు దంచుతాయి. అక్కడ ఎండాకాలం మన ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. అదే జనవరిలో అండమాన్, మాల్దీవులు, థాయిలాండ్‌లో ఫుకెట్ పొడిగా ఉంటాయి. మే వచ్చిందా, తిరగబడుతుంది. నైరుతి ఋతుపవనం మన దేశంలో మొదట తాకేది అండమాన్‌నే, మే మూడో వారానికల్లా. పిల్లలకు సెలవులని మే నెలాఖరున అక్కడికి వెళ్ళి, పడవలు రద్దయి, గదిలో కూర్చుని టీవీ చూసొచ్చిన కుటుంబాలు ఎన్నో. ఫుకెట్‌లో తెరిపిచ్చే రోజుల్లో, అంటే నవంబరులో, అదే థాయిలాండ్‌లో అవతలి ఒడ్డునున్న కో సముయిలో కుండపోత. ఒకే దేశం, రెండు సముద్రాలు, రెండు పంచాంగాలు. ఇంత సంగతి ఉంటే, జవాబు ‘ఒక ఫీల్’!

మాల్దీవులు చూద్దాం. దాదాపు 1,200 దీవులు, సముద్రమట్టానికి రెండున్నర మీటర్లు మించి దాదాపు ఎక్కడా లేవదు నేల. ఒక దీవికి ఒక రిసార్టు అనే పద్ధతి 1972 లో కురుంబాతో మొదలైంది. విమానం దిగగానే దీవి రాదు. స్పీడుబోటో, నీళ్ళ మీద వాలే చిన్న విమానమో ఎక్కాలి. ఆ విమానాలు పగటిపూటే ఎగురుతాయి. మనం సాయంత్రం దిగితే ఆ రాత్రి మాలేలో గడిపి పొద్దున్నే వెళ్ళాలి. ఆ బోటు, చిన్న విమానం ఖర్చు గది అద్దెలో కలవదు, తలకింత అని విడిగా ఉంటుంది, చాలాచోట్ల గది అద్దెకు పోటీ వస్తుంది. ప్యాకేజీ కాగితంలో ఈ ముక్క అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏ టీకాకారుడూ ఇంత చిన్న మూలాన్ని చదివి ఉండడు.

అండమాన్ సంగతి ఇంకొకటి. మన దేశపు గడియారానికి ఆధారమైన రేఖ 82½ డిగ్రీలది, మన కాకినాడ దగ్గరగా పోతుంది. అండమాన్ దానికి పది డిగ్రీలు తూర్పున ఉండి కూడా కాకినాడ గడియారాన్నే పెట్టుకుంది. అందుకని జనవరిలో అక్కడ సాయంత్రం అయిదుంపావు దాటగానే పొద్దు గుంకుతుంది. మధ్యాహ్నం పడవ దిగి, గదిలో సామాను పడేసి, ఓ కునుకు తీసి, టీ తాగి రాధానగర్ బీచికి బయలుదేరినవాళ్ళకు చీకటి కనిపిస్తుంది. మా ఇంట్లో కునుకు తీయకుండా కదలని మనిషి ఎవరో గ్రూపులో అందరికీ తెలుసు. ఊరట ఏమిటంటే, 2011 లెక్కల్లో ఆ దీవుల్లో నూటికి పదిమందికి పైగా తెలుగువాళ్ళు. ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి స్థిరపడినవాళ్ళు. దారి తప్పితే తెలుగులోనే తిట్టించుకోవచ్చు.

చతుర్థ సూత్ర వ్యాఖ్య

‘మనం టూరిస్టుల్లా తిరగకూడదు, ట్రావెలర్స్‌లా తిరగాలి.’ ఈ సూత్రానికి కిష్కింధాకాండ ప్రమాణం.

సీతను వెతకడానికి సుగ్రీవుడు నాలుగు దిక్కులకూ వానరులను పంపే ఘట్టం చాలామంది గబగబా తిప్పేస్తారు. కథ నడవదు, పేర్ల జాబితా అని. నాకు రామాయణం మొత్తంలో ఇంత ముచ్చటైన భాగం లేదు. 40 వ సర్గ నుంచి నాలుగు సర్గలు దారి చెప్పడమే. తూర్పుకు వినతుడు, దక్షిణానికి అంగదుడూ హనుమంతుడూ, పడమరకు తార తండ్రి సుషేణుడు, ఉత్తరానికి శతబలి. ఏ నది దాటాలి, ఏ కొండ మీద ఏముంది, ఎక్కడి మనుషులు ఎలాంటివాళ్ళు, ఎక్కడ సముద్రం ఎర్రగా ఉంటుంది, ఎక్కడితో సూర్యుడి వెలుగు ఆగిపోతుంది, అక్కడి నుంచి ముందుకు పోవద్దు. తూర్పు దారిలో ఏడు రాజ్యాలున్న యవద్వీపం వస్తుంది. అది జావాయేనని చాలామంది పండితుల మాట. జావా తూర్పు కొస నుంచి ఓ సన్నటి జలసంధి దాటితే బాలీ. కాబట్టి బాలీకి వెళ్ళేవాళ్ళంతా వినతుడి జట్టు. దక్షిణపు దారిలో గోదావరీ, కృష్ణవేణీ, ఆంధ్రులూ వస్తారు.

ఇంత చెప్పినవాడు ఫీల్ గురించి ఒక్క ముక్క అనలేదు. గడువు గురించి చెప్పాడు. నెల. నెల దాటి ఒక్క రోజు ఉన్నా ప్రాణం దక్కదన్నాడు. ప్రయాణం చెప్పడమంటే ఇదీ పద్ధతి.

జట్లు బయలుదేరిపోయాక, 46 వ సర్గలో, రాముడు ఒక ప్రశ్న వేశాడు. మనం గ్రూపులో ఎన్నడూ వేయనిది. నీకీ భూమండలమంతా ఎలా తెలుసయ్యా అని. సుగ్రీవుడు బడాయి పోలేదు. వాలి తరిమాడు, పరుగెత్తాను అన్నాడు. తూర్పుకు పారిపోతే తూర్పు చూశాను, అక్కడికీ వచ్చాడు, దక్షిణానికి పారిపోయాను, అక్కడికీ వచ్చాడు, పడమర, ఉత్తరం. అలా పరుగెత్తేవాడికి భూగోళం ఆవు గిట్ట దిగిన గుంటంత కనిపించిందట. చివరకు హనుమంతుడు, మతంగ మహర్షి శాపం వల్ల వాలి ఋశ్యమూకం మీదికి రాలేడన్న సంగతి గుర్తుచేస్తే అక్కడ కుదురుకున్నాడు. ట్రావెలర్ అంటే ఆయన. వెనక వాలి ఉన్నాడు. తిరుగు టికెట్ లేదు. వెనకాల ఎవరూ తరమకుండా, ఉదయం పదిన్నర దాకా ఉచిత అల్పాహారం ఉందో లేదో కనుక్కుని బయలుదేరేవాళ్ళం అందరమూ టూరిస్టులమే. అందులో నామోషీ ఏముంది?

దక్షిణం జట్టు కథ ఇంకా బాగుంటుంది. దాహంతో ఋక్షబిలంలో దూరారు. లోపల మయుడు కట్టిన బంగారు తోట, స్వయంప్రభ అనే తాపసి, కావలసినన్ని పళ్ళు, తేనె, చల్లటి నీళ్ళు. అన్నీ అందులోనే, విడిగా బిల్లు లేదు. తిన్నారు, తాగారు, సేదతీరారు. ఆమె కళ్ళు మూసుకోమని చెప్పి బయటపడేసేసరికి చెట్లు పూత మీదున్నాయి, గడువు దాటిపోయింది. అంగదుడికి వణుకు పుట్టింది. అప్పుడు తారుడనే వానరుడు ఓ సలహా ఇచ్చాడు. మళ్ళీ ఆ బిలంలోకే పోదాం, తిండికీ నీళ్ళకూ లోటు లేదు, రాముడు కూడా మనల్ని ఏమీ చేయలేడు అని. ఆఖరి రోజు ఖాళీ చేయాల్సిన వేళకు రిసార్టు బల్ల దగ్గర నిలబడి ఇంకో రాత్రి దొరుకుతుందా అని అడిగే ప్రతివాడిలో ఆ తారుడు ఉన్నాడు. హనుమంతుడు సాగనివ్వలేదు. అందరూ ఒడ్డున ప్రాయోపవేశానికి కూర్చున్నారు, సంపాతి వచ్చాడు, సీత జాడ తెలిసింది. చూడండి, గడువులోపల బుద్ధిగా తిరిగొచ్చిన మూడు జట్లకూ ఏమీ దొరకలేదు. సెలవు మీరినవాళ్ళకే పని జరిగింది. ఈ సంగతి మా ప్రిన్సిపాలుకు ఎలా చెప్పాలో తెలియక ఏళ్ళుగా మనసులోనే ఉంచుకున్నాను.

ప్రకృతం ఏమిటి? టూరిస్టులు, ట్రావెలర్స్. సరే. మా ట్రావెలర్ గారికి మూడో రోజు మధ్యాహ్నానికి బయటి తిండి పడదు. అందుకని ఆయన సంచీలో గోంగూర పచ్చడి, కందిపొడి, నెయ్యి, చిన్న రైసుకుక్కరు ఉండాలి. పచ్చడి సీసా మూత మీద పాలిథిన్ కవరు వేసి, రబ్బరుబ్యాండ్లు బిగించి, పాత తువ్వాలులో చుట్టి, నూనె కారినా పాడవని బట్టల మధ్య ఇరికించాలి. చేతిసంచీలో పెడితే తనిఖీ దగ్గర తీసి పారేస్తారు. ఈ శాస్త్రమంతా వదినగారికీ నాకూ కంఠతా వచ్చు. సుగ్రీవుడి వెనక వాలి పరుగెత్తాడు, అన్నయ్యగారి వెనక మేం పరుగెడతాం. సూత్రంలో ‘మనం’ అన్న బహువచనంలో మేం ఉన్నామో లేదో ఆయన స్పష్టం చేయలేదు.

పంచమ సూత్ర వ్యాఖ్య

‘ఏదైనా ఫోర్ నైట్స్ ఫైవ్ డేస్ చాలు.’ దీవులకూ రాత్రుల లెక్కకూ ఉన్న సంబంధం పురాతనం. భాగవతం పంచమ స్కంధంలో ప్రియవ్రతుడికి సూర్యుడు భూమిని సగమే వెలిగించడం నచ్చలేదు. రాత్రిని కూడా పగలు చేస్తానని రథమెక్కి సూర్యుడి వెంట మేరువు చుట్టూ ఏడుసార్లు తిరిగాడు. చక్రాల గాడులు ఏడు సముద్రాలయ్యాయి, మధ్య మిగిలిన నేల ఏడు ద్వీపాలయింది. (తెలుగులో ఈ స్కంధం పోతనది కాదు, గంగనది. దీన్ని కూడా పోతన ఖాతాలో వేసేవాళ్ళ మీద వేరే వ్యాఖ్య రాయవలసి ఉంది.) ఆ సముద్రాలు వరుసగా ఉప్పునీరు, చెరకురసం, సుర, నెయ్యి, పాలు, పెరుగు, మంచినీళ్ళు. విష్ణుపురాణంలో పెరుగు ముందు, పాలు తరువాత. పాలు లేనిదే పెరుగు ఎక్కడిదని పూర్వపక్షం చేయవచ్చు, సముద్రాలను ఎవరూ తోడు పెట్టలేదు గనుక చెల్లదు. అన్నిటికీ అవతలి పుష్కరద్వీపంలో ఆరు రుచుల భోజనం దానంతటదే ఎదుటికి వస్తుందట. వండేవాళ్ళు లేరు, సర్దేవాళ్ళు లేరు. నన్నడిగితే అదొక్కటే వెళ్ళదగ్గ దీవి.

ప్రియవ్రతుడు రాత్రులు తీసేయబోయాడు, ప్యాకేజీవాళ్ళు రాత్రుల్నే అమ్ముతారు. బాలీ లెక్క చూడండి. శంషాబాద్‌లో అర్ధరాత్రి ఎక్కుతాం. సింగపూరులోనో కౌలాలంపూరులోనో దిగి మరోటి ఎక్కుతాం. మధ్యాహ్నం దాటాక దిగుతాం, అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు నడుస్తుంది గనుక ఆ మేరకు పగలు హరీ. క్యూలు, పెట్టెలు, ట్రాఫిక్కు. గది చేరేసరికి సాయంత్రం. ఇది కాగితం మీద ఒక పగలు. అయిదో రోజు మధ్యాహ్నం లోగా గది ఖాళీ చేయాలి. అదీ ఒక పగలే. మిగిలినవి మూడు. అందులో ఒకటి లెంపుయాంగ్‌లో అద్దం ముందు వంతు కోసం. ఇంత కొద్దిపాటి పగటికి రెండు నెలల ముందు నుంచి గ్రూపులో చర్చ, ఆపైన మొదటి సూత్రం దగ్గర వాయిదా వేసిన అప్పు – పన్నెండు నెలల వాయిదాల్లో.

‘మీ ఇష్టం.’ మిగతా సూత్రాలన్నీ దీనికి ఉపోద్ఘాతం. మీమాంసకులు వేదవాక్యాలను విధి, నిషేధం, అర్థవాదం మొదలైనవిగా వేరుచేస్తారు. పైకి చూస్తే ఇది అనుజ్ఞ. కాని ముందటి సూత్రాల్లో బాలీని తోసేసి, మాల్దీవులను వెక్కిరించి, అండమాన్‌ను వాయిదా వేసి ఆఖరున ఇష్టాన్ని మన చేతికివ్వడం చూస్తే, ఇది అనుజ్ఞ వేషంలో ఉన్న నిషేధం. ప్రయోజనం తరువాత తెలుస్తుంది. గదిలో తేమవాసన వస్తే ‘నేను ముందే అనుకున్నాను, మీ ఇష్టమన్నాను’. పడవలో పిల్లాడు వాంతి చేసుకుంటే ‘చెప్తే వింటారా, మీ ఇష్టమన్నాను’. ఎక్కడికి వెళ్ళినా బాగుంటే ఆయన సూత్రాల బలం, బాగోకపోతే మా ఇష్టం బలం. ఈ రెండు పదాలను ఇంట్లో మగవాళ్ళు భోజనానికి ఏం వండమంటారు అన్నప్పుడు కూడా వాడతారు. అన్నంలో చేయి పెట్టాక అర్థం చెబుతారు.

సిద్ధాంతం

జనవరి, నాలుగు రాత్రులు. ఋతువు చూసినా, దూరం చూసినా, డబ్బు చూసినా అండమానే. చెన్నై నుంచి రెండు గంటల పైచిలుకు విమానం. పొద్దున్నే దిగే విమానం తీసుకుని, ఆ రోజే పడవలో స్వరాజ్ ద్వీప్‌కు వెళ్ళి అక్కడ రెండు రాత్రులు ఉందాం. మిగతా రెండు రాత్రులు శ్రీ విజయపురంలో. ముందు ఊరు, తరువాత దీవి అని తలకిందులు చేయొద్దు. సముద్రం బాగోకపోతే పడవలు ఆగిపోతాయి, విమానం ఆగదు. చివరి రాత్రి విమానాశ్రయం ఉన్న దీవిలోనే గడపాలి. సాయంత్రం కునుకులు రద్దు. పచ్చడి ఒక్క సీసా, అది ఎవరు తింటారో వాళ్ళే సర్దుకుంటారు.

పనిగట్టుకుని మళ్ళీ చర్చ పెట్టవద్దని గ్రూపువారికి మనవి. టికెట్లు తీసేది నేను. పెద్దలందరి ఆధార్ ఫొటోలు శుక్రవారం లోగా గ్రూపులో కాకుండా నాకు విడిగా పంపాలి. అన్నయ్యగారి కార్డులో పాత అడ్రసు ఉన్నా ఫరవాలేదు, పేరు సరిగ్గా ఉంటే చాలు. కిటికీ సీటు మాత్రం వదినగారిది.